రాళ్ల కథలు, బావుల గుర్తులు: మేడ్చల్, శామీర్‌పేట పరిసరాల పాత ఆనవాళ్లు

ఈ సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాసి ఇవ్వమని సొసైటీ పెద్దలు అడిగారు. గోల్కొండ గురించీ, చార్మినార్ గురించీ ప్రతి ఏటా ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. కాబట్టి నేను ఈసారి కోటల జోలికీ, బాద్‌షాల జోలికీ పోకుండా, మనం రోజూ దాటిపోయే రాళ్ల గురించీ, పూడిపోయిన బావుల గురించీ నాలుగు మాటలు రాద్దామనుకున్నాను. నేను పాఠం చెప్పేది ఉర్దూలో, ఇంట్లో మాట్లాడేది దక్కనీలో, బజారులో మాట్లాడేది తెలుగులో. తెలుగులో రాయడం నాకు కొద్దిగా కొత్త. ఎక్కడైనా తప్పులుంటే పాఠకులు పెద్ద మనసుతో మన్నించవలెను.

కొన్నేళ్ల క్రితం మా బడి పిల్లలను హస్మత్‌పేటకు తీసుకుపోయాను. బోయినపల్లి దాపున, మేడ్చల్ రోడ్డుకు ఎంతో దూరం లేని ఊరు అది. ఇప్పుడు ఊరు అనడం కూడా తప్పే, చుట్టూ ఇళ్లు లేచి నగరంలో కలిసిపోయింది. ఆ ఇళ్ల మధ్య పెద్ద పెద్ద గుండ్లను గుండ్రంగా పేర్చిన చోటు ఒకటి ఉంది. పిల్లలు చూసి, "సర్, ఇత్నే బడే పత్తర్ కౌన్ ఉఠాయే?" అని అడిగారు. ఇంత పెద్ద రాళ్లు ఎవరు ఎత్తారు అని. నేను జవాబు చెప్పేలోపే అక్కడ నీడకు కూర్చున్న ఒక ముసలాయన అందుకున్నాడు: "ఇవి రాక్షస గుళ్లు బిడ్డా. మనుషులతోని అయ్యే పనా ఇది?"

పిల్లలకు ఆయన జవాబే నచ్చింది. నా పాఠం ఎవరికీ గుర్తులేదు గాని, రాక్షసులు రాళ్లు మోసిన సంగతి మాత్రం మర్నాడు క్లాసు మొత్తానికీ తెలిసిపోయింది. అప్పటినుండీ ఈ ప్రశ్న నా మనసులో ఉండిపోయింది. రాళ్లు ఎత్తింది ఎవరు? వాటిని ఇంతకాలం కాపాడింది ఎవరు? ఇప్పుడు పోగొడుతున్నది ఎవరు? ఈ మూడు ప్రశ్నలకు నాకు తెలిసినంతలో జవాబు చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

రాక్షస గుళ్లు

తెలంగాణలో రాక్షస గుళ్లు అని, కొన్నిచోట్ల పాండవ గుళ్లు అని పిలిచేవి గుళ్లు కావు. అవి సమాధులు. ఇనుము వాడకం కొత్తగా వచ్చిన కాలంలో, అంటే సుమారుగా క్రీస్తుకు పూర్వం 1000వ సంవత్సరం మొదలు క్రీస్తుపూర్వం 300 వరకు, దక్కనులో జీవించిన జనం తమవారిని ఈ విధంగా సమాధి చేసేవారు. ముందు నేలలో గొయ్యి తవ్వేవారు. అందులో నల్లరాతి పలకలను నాలుగు వైపులా నిలబెట్టి పెట్టె మాదిరిగా చేసేవారు. అందులో చనిపోయినవారి ఎముకలు, పక్కన కుండలు, ఇనుప కత్తులు, బల్లెపు మొనలు, కొడవళ్లు, పూసలు ఉంచి, పైన ఒక పెద్ద రాతిపలకను మూతగా వేసేవారు. ఆ మీద రాళ్లు కుప్పపోసి, చుట్టూ గుండ్లతో వలయం కట్టేవారు. మనకు నేడు పైకి కనిపించేది ఆ వలయమూ, ఆ కుప్పా మాత్రమే. అసలు సంగతి భూమి లోపల ఉంది.

ఈ సమాధులలో దొరికే కుండలకు ఒక ప్రత్యేకత ఉన్నది. బయట ఎరుపు, లోపలా అంచుమీదా నలుపు. ఈ రెండు రంగులూ పూసినవి కావు. కుండను బోర్లించి కాలిస్తే లోపలికి గాలి ఆడక అక్కడ నల్లబడుతుంది, మంట తగిలిన బయటి భాగం ఎర్రబడుతుంది. మూడు వేల సంవత్సరాల కిందటి మన కుమ్మరికి ఈ విద్య తెలుసు. ఇనుము కరిగించి కత్తి చేసే విద్య కమ్మరికి తెలుసు. పలకలు లేపే విద్య రాతిపనివారికి తెలుసు. మన ప్రాంతపు రాయి పొరలు పొరలుగా ఉంటుంది. దానిమీద నిప్పు పేర్చి వేడిచేస్తే ఒక పొర లేచివస్తుంది. ఈ పద్ధతి మన వడ్డెరవారి చేతుల్లో మొన్నమొన్నటి వరకు ఉండినది. కాబట్టి ఆ రాళ్లు ఎత్తడానికి రాక్షసులు అవసరం లేదు. నిప్పు, మోకులు, మోపు కర్రలు, పదిమంది మనుషుల ఐకమత్యం చాలు.

ఈ సమాధుల గురించి చదువుకున్నవారి దృష్టి మొదట పడింది 19వ శతాబ్దంలో. నిజాం సర్కారు కొలువులో ఉండిన మెడోస్ టేలర్ సురపురం ప్రాంతంలో ఇటువంటివి తవ్వించి చూసి, వీటికీ ఐరోపాలోని పాత రాతి సమాధులకూ పోలిక ఉన్నదని రాసినాడు. తరువాత 1914లో నిజాం ప్రభుత్వం పురావస్తు శాఖను స్థాపించి గులాం యజ్దానీ గారిని దానికి అధిపతిగా నియమించింది. ఉర్దూలో ఆ శాఖను ఆసారె ఖదీమా అనేవారు. అజంతా చిత్రాలమీద ఆయన చేసిన కృషి ప్రపంచానికి తెలుసు గాని, ఈ సమాధుల కుండలమీద గీసిన గుర్తులను కూడా ఆయన శ్రద్ధగా పరిశీలించారనే సంగతి మనలో చాలామందికి తెలియదు. 1916లో హైదరాబాద్ ఆర్కియలాజికల్ సొసైటీ ఏర్పడింది. అందులో డాక్టర్ హంట్ అనే వైద్యుడు భువనగిరి దగ్గెర రాయగిరిలో సమాధులు తవ్వి వ్యాసాలు ప్రచురించినాడు. హస్మత్‌పేట సమాధులను నిజాం కాలంలోనూ, మళ్లీ 1970ల మొదట్లో బిర్లా పురావస్తు సంస్థవారూ తవ్వి చూశారు. తరువాత ఈ చోటు ప్రభుత్వ రక్షిత కట్టడాల జాబితాలో చేరింది.

ఇటువంటి నిలువురాళ్లకు ఇప్పుడు లోకంలో గౌరవం పెరుగుతున్నది. నారాయణపేట జిల్లా ముడుమాల్‌లో కృష్ణా తీరాన మనిషికి రెండింతల ఎత్తు రాళ్లు నిలబెట్టి ఉన్నవి. అందులో ఒకదానిని ఊరివారు ఎల్లమ్మగా కొలుస్తారు. 2025లో ఆ చోటు యునెస్కో ప్రపంచ వారసత్వపు తాత్కాలిక జాబితాలో చేరింది. మన ఇంటి పక్క రాళ్లు కూడా ఆ కుటుంబానికి చెందినవే అని మనం గుర్తించవలెను.

కీసరగుట్టమీద రాతివాళ్ల పేరు

శామీర్‌పేటకు తూర్పు దిక్కున కీసరగుట్ట. శివరాత్రి జాతరకు లక్షలాది జనం వచ్చే చోటు కాబట్టి దీని కథ చాలామందికి తెలుసు. రావణ సంహారం తరువాత రాముడు శివలింగాన్ని ప్రతిష్ఠించదలచి హనుమంతుణ్ణి కాశీకి పంపినాడట. హనుమంతుడు రావడం ఆలస్యమైంది, ముహూర్తం దాటిపోతున్నది. అప్పుడు శివుడే ఒక లింగాన్ని ప్రసాదించగా రాముడు దానిని ప్రతిష్ఠించినాడు. ఇంతలో 101 లింగాలు మోసుకొచ్చిన హనుమంతుడు తన శ్రమ వృథా అయిందని అలిగి వాటిని గుట్టంతా విసిరేసినాడు. కేసరి కుమారుడు హనుమంతుడు గనుక కేసరిగిరి, అదే కీసర అయిందని అంటారు. గుట్టమీద ఈనాటికీ ఎక్కడ చూసినా లింగాలు ఆరుబయట ఉన్నవి.

పురావస్తు శాఖవారు ఇక్కడ తవ్వినప్పుడు ఇటుక గోడల పునాదులు, గుడుల ఆనవాళ్లు, కోటగోడ బయటపడినవి. ఇవి విష్ణుకుండి రాజుల కాలానివి, అంటే సుమారు 1500 సంవత్సరాల నాటివి. ఒకప్పుడు ఇక్కడ ఒక గుడి కాదు, అనేక చిన్న గుడులు ఉండినవని దీనివల్ల ఊహించవచ్చును. గుడుల గోడలు కూలి లింగాలు మాత్రం మిగిలినవి. వాటిని చూసిన తరువాతి తరాలవారికి, ఇన్ని లింగాలు ఇలా చెల్లాచెదురుగా ఎందుకున్నవి అనే ప్రశ్న పుట్టి ఉంటుంది. ఆ ప్రశ్నకు జనం చెప్పుకున్న జవాబే హనుమంతుడి అలక. కథ చరిత్ర కాదు గాని, కథలో ఒక నిజమైన ప్రశ్న ఉన్నది. గుట్టను చూసినవాడెవడో బాగా గమనించి చూసినాడు.

ఇక అందరూ గమనించవలసిన సంగతి వేరొకటి ఉన్నది. కీసరగుట్టమీద ఒక గుండుమీద "తొలుచువాండ్రు" అని చెక్కి ఉన్నది. సుమారు 5వ శతాబ్దపు లిపి. తెలంగాణలో రాతిమీద దొరికిన మొట్టమొదటి తెలుగు మాటలలో ఇది ఒకటి అని పండితులు చెబుతారు. దీని అర్థం ఏమిటి? రాయి తొలిచేవాళ్లు. రాజు పేరు కాదు, దేవుడి పేరు కాదు, దానం ఇచ్చిన షావుకారు పేరు కూడా కాదు. ఎండలో కూర్చుని ఉలి పట్టినవారు తమ పనిపేరు తామే చెక్కుకున్నారు.

ఈ మాట మొదటిసారి తెలిసినప్పుడు నాకు మా పిల్లలు హస్మత్‌పేటలో అడిగిన ప్రశ్న గుర్తుకొచ్చింది. ఇంత పెద్ద రాళ్లు ఎవరు ఎత్తారు? జవాబు పక్క గుట్టమీదనే చెక్కి ఉన్నది. తొలుచువాండ్రు.

మౌలాలి గుట్ట

కీసర నుండి నగరం వైపు వస్తే మౌలాలి. గుట్టపైకి దాదాపు 500 మెట్లు. ఇక్కడ కూడా ఒక రాయి, దానికి ఒక కథ. ఇబ్రహీం కుతుబ్‌షా దర్బారులో యాఖూత్ అనే ఖోజా కొలువు చేసేవాడు. హిజ్రీ 986 రజబ్ నెలలో, అంటే 1578లో, ఆయన జబ్బుపడి ఉండగా కలలో ఆకుపచ్చని దుస్తుల మనిషి ఒకరు కనిపించి, మౌలా అలీ నిన్ను పిలుస్తున్నారని చెప్పి గుట్టమీదికి తీసుకుపోయినాడట. అక్కడ హజ్రత్ అలీ ఒక బండమీద చేయి ఆనించి కూర్చుని ఉన్నారట. తెల్లవారి యాఖూత్ గుట్ట ఎక్కి చూస్తే బండమీద చేతి గుర్తు కనిపించింది. ఆ గుర్తును తొలిపించి, అక్కడ కట్టిన కమానులో ఉంచినారు. అప్పటినుండి రజబ్ 17న ఇక్కడ ఉరుసు జరుగుతున్నది. దర్గా అంటారు గాని ఇక్కడ ఎవరి సమాధీ లేదు. రాయే జియారత్.

ఈ గుట్టకు ముస్లింలు ఎంతమంది పోతారో హిందువులు కూడా అంతే భక్తితో పోతారు. మొక్కు మొక్కేటప్పుడు ఎవరూ ఎవరి మతం అడగరు. నాకు ఇంకా ఆశ్చర్యం కలిగించేది ఏమంటే, ఈ మౌలాలి పరిసరాల్లో కూడా ఇనుపయుగపు రాతి సమాధులు దొరికినవి. అంటే కుతుబ్‌షాహీల కంటే రెండు వేల సంవత్సరాల ముందే ఎవరో ఈ గుట్ట నీడను తమ పెద్దలకు తగిన చోటుగా ఎంచుకున్నారు. వారి భాష మనకు తెలియదు, వారి ప్రార్థన ఏమిటో తెలియదు. చోటు మాత్రం అదే. ఒక తరం పవిత్రం అనుకున్న చోటును ఇంకొక తరం వేరే పేరుతో పవిత్రం అనుకున్నది. వారి నమ్మకానికీ వీరి నమ్మకానికీ సంబంధం ఉన్నదని నేను అనడం లేదు. ఎత్తైన గుండు, దూరం నుండి కనపడే గుట్ట, కింద నీళ్లు ఉంటే ఏ కాలపు మనిషి అయినా అక్కడ ఒక్క నిమిషం ఆగుతాడు.

నీళ్లు అన్నాను కాబట్టి, మౌలాలి గుట్ట పాదంలో ఉన్న ఒక బౌలీ గురించి చెప్పకుండా ఉండలేను. ఉర్దూలో దీవాన్ కూర్చిన తొలి కవయిత్రులలో పేరెన్నికగన్న మహ్‌లఖా బాయి చందా (1768–1824) తన తల్లి కోసం 1792లో ఇక్కడ సమాధి కట్టించింది. తరువాత తాను కూడా తల్లి పక్కనే ఖననమైంది. ఆ ఆవరణలో మసీదుతో పాటు మెట్లబావి కూడా ఉన్నది. ఉరుసుకు వచ్చే బాటసారులకు నీడ, నీళ్లు రెండూ అవసరమే కదా. చాలాకాలం పాడుబడిన ఈ చోటును 2010–11లో మరమ్మతు చేశారు. మా పిల్లలకు ఉర్దూ కవిత్వం చెప్పేటప్పుడు, ఈ కవయిత్రి మనకు గజళ్లే కాదు, ఒక బావి కూడా ఇచ్చి పోయింది అని చెబుతుంటాను.

బొడ్రాయి, కట్ట మైసమ్మ

పెద్ద గుట్టల సంగతి అలా ఉంచి ఊళ్లలోకి వద్దాం. మేడ్చల్, శామీర్‌పేట పరిసరాల్లో పాత ఊరు ఏదైనా సరే, నడిమధ్య బొడ్రాయి ఉంటుంది. ఊరికి బొడ్డు వంటిది గనుక ఆ పేరు. ఊరు కట్టినప్పుడు ముందు ఈ రాయి పాతి తరువాత ఇళ్లు వేసుకున్నారని నమ్మకం. పాత బొడ్రాయి కుంగిపోతేనో పాడైపోతేనో కొత్తది ప్రతిష్ఠిస్తారు. అప్పుడు ఆడబిడ్డలందరూ పుట్టింటికి వస్తారు. పండుగ సమయాన పొలిమేర కట్టి, ఊరివారు బయటికి పోరు, బయటివారిని లోపలికి రానివ్వరు. నా చిన్నప్పుడు ఒకసారి అలా జరిగినప్పుడు మా ఇంటివాళ్లను కూడా ఊరివారిగానే లెక్కపెట్టి చందా రాసుకున్నారు. చందా ఇచ్చినందుకు మా తాత ఎంత గర్వపడ్డాడో నాకు ఇప్పటికీ గుర్తే. ఊరివాడిగా లెక్కలో ఉండడం అంటే అది.

చెరువు కట్టమీద కట్ట మైసమ్మ. మొదట ఒక చిన్న రాయి, దానికి పసుపు కుంకుమ, పైన ఒక వేపచెట్టు. ఈ అమ్మ కట్టను కాస్తుందని నమ్మకం. ఇందులో ఒక తెలివైన ఏర్పాటు ఉన్నదని నాకు అనిపిస్తుంది. చెరువుకు ప్రాణం కట్టలో ఉన్నది. కట్ట తెగితే ఊరు మునుగుతుంది, కట్ట నిలబడితే పంట పండుతుంది. ఏటేటా బోనాలతో ఊరు మొత్తం కట్టమీదికి నడుస్తుంది. అంతమంది నడిచినప్పుడు ఎక్కడ మట్టి జారింది, తూము దగ్గెర ఎక్కడ నీరు ఊరుతున్నది అనే సంగతి ఎవరో ఒకరి కంట పడకుండా ఉండదు. శామీర్‌పేట పెద్ద చెరువు వంటి చెరువులు వానాకాలాన్ని తట్టుకుని నిలిచినవంటే, కట్టినవారి పనితనంతో పాటు ఈ కనిపెట్టి ఉండే అలవాటు కూడా కారణమే.

బావుల సంగతి

మన భూమి గట్టి రాతి భూమి. ఇసుక నేలల్లో మాదిరిగా ఎక్కడ తవ్వితే అక్కడ నీళ్లు పడవు. పైన కొన్ని అడుగుల మట్టి, దాని కింద మొరం, ఆ కింద పగుళ్లున్న బండ, దాని కింద చెక్కుచెదరని బండ. నీరు మొరంలోనూ, పగుళ్లలోనూ మాత్రమే నిలుస్తుంది. కొన్నిచోట్ల గట్టి నల్లరాయి గోడ మాదిరిగా భూమిలో అడ్డంగా దూరి ఉంటుంది. భూమి లోపల పారే నీటికి ఆ గోడ ఆనకట్ట వలె పనిచేస్తుంది, అందుచేత దానికి ఎగువన తవ్విన బావి ఎండాకాలంలో కూడా తొందరగా ఎండదు. పాతకాలపువారికి భూగర్భశాస్త్రం చదువు లేదు గాని, ఏ బావి ఎన్నడూ ఎండలేదో తెలుసు. అటువంటి బావికే గంగమ్మ పేరు వచ్చింది, మొక్కులు వచ్చినవి. పవిత్రత అనేది చాలాచోట్ల ఇటువంటి అనుభవం తరువాతనే వచ్చింది.

మన తెలంగాణలో బాలింత కొన్ని రోజులకు స్నానం చేసి మొదటిసారి ఇల్లు దాటినప్పుడు బావి దగ్గెరకు పోతుంది. గట్టుకు పసుపు కుంకుమ పెట్టి, చేద వేసి నీళ్లు తోడుతుంది. కొత్తగా పుట్టిన బిడ్డను ఊరి నీళ్లకు అప్పగించినట్టు. ముస్లింల ఇళ్లలో నీళ్ల దగ్గెర ఖ్వాజా ఖిజర్ పేరు తలుస్తారు. బావి తవ్వించడం ఆగని పుణ్యం అని మన పెద్దల మాట. హజ్రత్ ఉస్మాన్ మదీనాలో రూమా బావిని సొంత డబ్బుతో కొని అందరికీ వక్ఫ్ చేసిన సంగతి మన పిల్లలకు కూడా తెలుసు. జమ్‌జమ్ కథ చెప్పనవసరం లేదు. బిడ్డ దాహం చూసి బీబీ హాజరా సఫా మర్వాల మధ్య పరుగెత్తిన ఆ పరుగును హాజీలు ఈనాటికీ పరుగెత్తుతున్నారు.

అయితే ఒక చేదు నిజం కూడా చెప్పాలి. పవిత్రమైన బావి అందరి బావి కాలేదు. ఊరి మంచినీళ్ల బావిలో చేద వేసే హక్కు కొన్ని కులాలవారికి ఉండేది కాదు. గట్టుకు దూరంగా నిలబడి, ఎవరైనా దయతలచి కుండలో పోస్తే తీసుకుపోవలసి వచ్చేది. పాతవన్నీ మంచివి అని రాయడం చరిత్ర కాదు. బావిని గుర్తుపెట్టుకున్నప్పుడు ఆ గట్టు బయట నిలబడినవారిని కూడా గుర్తుపెట్టుకోవాలి.

మా బస్తీ బావి

ఇప్పుడు నా సొంత తప్పు ఒకటి రాస్తున్నాను. మా బస్తీలో రాతి కట్టడపు బావి ఒకటి ఉండేది. మా నానమ్మ అందులో ఉమ్మనిచ్చేది కాదు, రాయి వేయనిచ్చేది కాదు. ఖ్వాజా ఖిజర్ చూస్తుంటారు అని చెప్పేది. పక్కింటి ఆడవాళ్లు గంగమ్మకు కోపం వస్తుందని చెప్పేవారు. ఇద్దరి భయమూ కలిసి బావి శుభ్రంగా ఉండేది. బావిలోకి దిగే మెట్ల పక్కన గోడలో ఒక రాయిమీద నాలుగు వరుసల గీతలుండేవి. అక్షరాలో, ఉలి దెబ్బలో తెలియదు. నేను టీచరు ఉద్యోగంలో చేరిన తరువాత కూడా ఎప్పుడైనా ఒక కాగితం పెట్టి ఆ గీతల అచ్చు తీయాలి, తెలిసినవారికి చూపించాలి అనుకుంటూనే ఉన్నాను. వచ్చే ఆదివారం, వచ్చే సెలవులు అనుకుంటూ పదేళ్లు గడిచినవి.

ఈలోగా ఇంటింటికీ బోర్లు వచ్చినవి. బావిలో నీళ్లు దిగిపోయినవి. నీళ్లు లేని బావికి గంగమ్మ లేదు, ఖిజర్ లేరు. ముందు ఎవరో కొబ్బరి చిప్పలు వేశారు, తరువాత చెత్త వేశారు. చివరికి పక్క స్థలంలో ప్లాట్లు చేసినవారు ఒక రాత్రి లారీలతో మట్టి పోయించి చదును చేశారు. తెల్లవారి చూస్తే బావి ఉన్న గుర్తే లేదు. బస్తీలో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఆ నాలుగు వరుసల్లో ఏముండినదో ఇక ఎవరికీ తెలియదు. బహుశా ఏమీ ఉండి ఉండదు. కాని ఏమీ లేదు అని చెప్పడానికి కూడా ఒక కాగితం అచ్చు కావాలి కదా.

కాపలా కథ, గునపం కథ

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి నాకు అర్థమైనది ఇది. రాయికి మొదటి కాపలాదారు కథ. రాక్షసుల భయం వల్ల హస్మత్‌పేట వంటి చోట్ల సమాధులను శతాబ్దాల పాటు ఎవరూ ముట్టుకోలేదు. హనుమంతుడి మీది గౌరవం వల్ల కీసరగుట్ట లింగాలను ఎవరూ మెట్లకు వాడుకోలేదు. యాఖూత్ కల వల్ల ఒక బండకు కమాను వచ్చింది. ఇక్కడ చట్టం పనిచేయలేదు, కథ పనిచేసింది.

కాని అన్ని కథలూ కాపలా కాయవు. లంకె బిందెల కథ ఉన్నది చూడండి, అది మనిషి చేతికి గునపం ఇస్తుంది. పాత రాళ్ల కింద బంగారం ఉంటుందని ఎవడో చెప్పగానే అమావాస్య రాత్రి తవ్వకాలు మొదలవుతవి. ఇనుపయుగపు సమాధిలో దొరికేవి కుండపెంకులు, తుప్పుపట్టిన ఇనుము, ఎముకలు. తవ్వినవాడు కోపంతో కుండలు పగలగొట్టి పోతాడు. వాడికి అది పెంకు, చరిత్రకు అది ఒక పుట. ఇక రాళ్లను క్రషరుకు, గోడకు, రోడ్డుకు తీసుకుపోయేవారికి ఏ కథా అక్కర లేదు. పాతవారు ఊరు విడిచిపోయి, కొత్తవారు ఆ కథ తెలియకుండా వచ్చి చేరినప్పుడు రాయి ఒట్టి రాయిగానే మిగులుతుంది. మన ప్రాంతంలో గత ముప్పై ఏళ్లుగా జరుగుతున్నది ఇదే.

చట్టాలు లేకపోలేదు. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దొరికిన 10 రూపాయలకు మించిన విలువగల నిక్షేపం సంగతి కలెక్టరుకు తెలియజేయాలి. పురాతన కట్టడాల రక్షణకు 1960లో ఆంధ్రప్రదేశ్ చట్టం వచ్చింది, తెలంగాణ ఏర్పడిన తరువాత 2017లో వారసత్వ చట్టం వచ్చింది. కాని జాబితాలో లేని రాయిని చట్టం ఎట్లా కాపాడుతుంది? జాబితాలో ఎక్కించాలంటే ముందు ఎవరో ఒకరు చూసి రాయాలి.

నిరాశపడవలసిన పని లేదు. సికింద్రాబాదు బన్సీలాల్‌పేట మెట్లబావి ఏళ్ల తరబడి చెత్తతో నిండి ఉండేది. దానిని శుభ్రం చేసి 2022 డిసెంబరులో ప్రజలకు తెరిచారు. గోల్కొండ కుతుబ్‌షాహీ సమాధుల ఆవరణలోని బౌలీలలో పెద్ద బౌలీ గోడ 2013 వానలకు కూలిపోయింది. దానిని మళ్లీ కట్టి, మిగతా బౌలీలను కూడా బాగుచేశారు. 2022లో ఆ పనికి యునెస్కో అవార్డు వచ్చింది. పూడిపోయిన బావిలో మళ్లీ నీళ్లు చూడడం సాధ్యమే అని ఈ రెండూ రుజువు చేసినవి.

మనం చేయగలిగినది

మన సొసైటీ ప్రతి ఏటా విద్యార్థులకు స్కాలర్‌షిప్పులు ఇస్తున్నది, పేదలకు సహాయం చేస్తున్నది. దీనితోపాటు ఒక చిన్న పని చేయవలసిందిగా సవినయంగా కోరుతున్నాను. మేడ్చల్, శామీర్‌పేట ఊళ్లలోని పాత మసీదులు, దర్గాలు, కబరస్తాన్లలో ఎన్ని బావులున్నవో, ఎక్కడ రాతిమీద రాత ఉన్నదో, ఎక్కడ గుండ్ల వలయం ఉన్నదో ఒక రిజిస్టరులో రాయిద్దాం. పక్క ఊళ్ల హిందూ సోదరులను కూడా కలుపుకుని బొడ్రాయినీ, మైసమ్మ రాయినీ, గంగమ్మ బావినీ అదే రిజిస్టరులో ఎక్కిద్దాం. ఫోటో తీయడం ఈ రోజుల్లో ప్రతి పిల్లవాడికీ వచ్చు. ప్రతి ఫోటో కింద మూడు సంగతులు ఉండాలి: కొలత ఎంత, ఎక్కడ ఉన్నది, ఊరి పెద్దలు దాని గురించి ఏమి చెబుతారు. కొలత పురావస్తు శాఖకు పనికివస్తుంది, కథ మన పిల్లలకు పనికివస్తుంది. ఒకదాని కోసం ఇంకొకదానిని పారేయవద్దు. ఒక్క షరతు మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఎవరూ గునపం పట్టుకోకూడదు. తవ్వడం తెలిసినవారి పని.

మా బడిలో ఈ రిజిస్టరు మొదలుపెట్టాము. మొదటి పుటలో హస్మత్‌పేట ఉన్నది. రాళ్లు ఎవరు ఎత్తారు అనే చోట ఒక పిల్లవాడు ముందు "రాక్షసులు" అని రాసి, దాని పక్కన తానే "తొలుచువాండ్రు" అని రాసినాడు. నేను రెండూ కొట్టివేయలేదు. చివరి పుటలో మా బస్తీ బావి ఉన్నది. దాని కొలతలు నేను ఊహించి రాసినవి. ఆ గీతల రాయి కోసం వదిలిన చోటు ఖాళీగా ఉన్నది. మీ ఊరి బావి పుట అట్లా ఖాళీగా ఉండకూడదని నా కోరిక.